తలారి ఇంట్లో దొంగ: ఆరోగ్యవరం నుండి నేటి వరకు క్షయ కథ

“సార్, దగ్గు పోయింది. జ్వరం రావడం లేదు. అన్నం బాగా తింటున్నాను. ఇంకా నాలుగు నెలలు మాత్రలు మింగాలా?”

క్షయ రోగులకు వైద్యం చేసిన ప్రతి వైద్యుడూ ఈ ప్రశ్న విని ఉంటాడు. నేను ఉద్యోగకాలమంతా విన్నాను. తొలి రోజుల్లో దీనికి నేను చెప్పిన సమాధానం “మింగాలి, అంతే” అన్న ఒక్క మాట. గది వెలుపల పెద్ద వరుస నిలబడి ఉండేది. వివరించే తీరిక లేదని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఆ రోజుల్లో స్ట్రెప్టోమైసిన్ సూదిమందుతో మొదలుపెట్టి, ఐసోనియాజిడ్, థయాసిటజోన్ మాత్రలను ఏడాది, ఏడాదిన్నర పాటు వాడవలసి ఉండేది. వేరుసెనగ పండించుకునే ఒక రైతు మూడు నెలలు వాడి, ఒంట్లో బాగుందని మానివేశాడు. ఏడాది తిరిగేసరికి గళ్లలో నెత్తురు పడుతూ మళ్ళీ వచ్చాడు. ఈసారి తోడుగా వచ్చిన కూతురు కూడా దగ్గుతున్నది. పరీక్షిస్తే ఆమెకూ క్షయ ఉన్నట్లు తేలింది. మందు మానినది ఆయనే. ఎందుకు మానకూడదో ఆయనకు అర్థమయ్యేటట్లు చెప్పనిది మాత్రం నేను.

ఆనాడు నేను చెప్పవలసి ఉండిన సమాధానాన్ని ఇప్పుడు మీకు చెబుతాను. క్షయ సూక్ష్మజీవి మన శరీరంలో ఎక్కడ దాక్కుంటుంది అన్న ఒక్క విషయం తెలిస్తే ఆ సమాధానం దానంతట అదే దొరుకుతుంది. ఆ చోటును వైద్యశాస్త్రం కనిపెట్టడానికి చాలా కాలం పట్టింది. ఆ చరిత్రలో ముఖ్యమైన కొన్ని ఘట్టాలు మన చిత్తూరు సీమలోనే, మదనపల్లె పక్కన జరిగాయి.

ఒకే ఏడాది, రెండు ఆవిష్కరణలు

ఆయుర్వేద గ్రంథాలు ఈ వ్యాధిని రాజయక్ష్మ అన్నాయి. దక్షుని శాపం వలన చంద్రుడు దినదినమూ క్షీణించిన కథ మీకు తెలిసినదే. మనిషి కళ్లముందే కరిగిపోవడాన్ని మన పూర్వులు ఎంత నిశితంగా గమనించారో ఆ కథ చెబుతుంది. కారణం మాత్రం 1882 మార్చి 24 దాకా తెలియలేదు. ఆ రోజు బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయను కలిగించే సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించాడు. ప్రతి సంవత్సరం ఆ తేదీన మనం ప్రపంచ క్షయ దినం జరుపుకుంటున్నాము.

అదే ఏడాది చివర, ఇటలీకి చెందిన సిసిలీ దీవిలో, మెస్సీనా అనే ఊళ్లో ఎలీ మెచ్నికాఫ్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు ఒక చిన్న ప్రయోగం చేశాడు. అద్దంలా లోపలి భాగాలు కనిపించే నక్షత్రచేప పిల్లల శరీరంలో గులాబీ ముళ్లు గుచ్చి ఉంచాడు. మరునాడు సూక్ష్మదర్శినిలో చూస్తే, సంచార కణాలు ఆ ముళ్ల చుట్టూ మూగి ఉన్నాయి. శరీరంలోకి చొరబడిన పరాయి పదార్థాన్ని మింగి హరించే కణాలు ప్రాణులలో ఉంటాయని ఆయన గ్రహించాడు. వాటినే భక్షక కణాలు అంటాము. మన రక్తంలోని తెల్లకణాలలో కొన్ని, ఊపిరితిత్తులలోనూ కాలేయంలోనూ కాపురముండే పెద్ద భక్షక కణాలు, అంటే మాక్రోఫేజ్‌లు, ఈ జాతివే. ఈ కృషికి 1908లో మెచ్నికాఫ్‌కు నోబెల్ బహుమతిలో భాగం లభించింది. ఆయన మొదటి భార్య క్షయతోనే 1873లో చనిపోయిందని తెలిసినప్పుడు ఈ కథ మరింత బరువెక్కుతుంది.

ఇప్పుడు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. క్షయ సూక్ష్మజీవి ఉన్నది. దానిని మింగే కణమూ ఉన్నది. మరి మింగిన తరువాత వ్యాధి ఎందుకు వస్తున్నది? నిజానికి కాక్ తన మొదటి పరిశీలనలలోనే క్షయ గడ్డలలోని పెద్ద కణాల లోపల ఆ సూక్ష్మజీవులను చూశాడు. అవి అక్కడ చస్తున్నాయా, బతుకుతున్నాయా అన్నది తేలడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఈలోగా రోగులను ఏదో విధంగా కాపాడుకోవాలి కదా.

మదనపల్లె గాలి

మందు లేని ఆ కాలంలో వైద్యులు నమ్ముకున్నవి మూడు: స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి, మంచి ఆహారం. ఐరోపాలో కొండ ప్రాంతాలలో శానటోరియాలు వెలిశాయి. సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైగా ఎత్తున, పొడిగాలితో, హార్స్‌లీ కొండల చేరువలో ఉన్న మదనపల్లె దక్షిణ భారతదేశంలో అటువంటి చోటుగా కనిపించింది. అనేక ప్రొటెస్టెంటు మిషన్లు కలిసి అక్కడ యూనియన్ మిషన్ ట్యుబర్‌క్యులోసిస్ శానటోరియాన్ని నెలకొల్పాయి. 1915లో అది ఇప్పుడున్న చోట ప్రారంభమయింది. ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు పెట్టారు. ఎంత ఆలోచించి పెట్టారో గాని, పేరు వినగానే రోగికి సగం ధైర్యం వస్తుంది.

డెన్మార్క్ దేశస్థుడు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని మొదటి సూపరింటెండెంటు. ఆయన తరువాత డాక్టర్ పి. వి. బెంజమిన్ ఆ బాధ్యత చేపట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక భారత ప్రభుత్వానికి క్షయ సలహాదారుగా పనిచేసినది ఆయనే. మదరాసు రాజధాని నలుమూలల నుండి రోగులు అక్కడికి వచ్చేవారు. గాలి ధారాళంగా వచ్చే వసారాలలో నెలల తరబడి పడుకునేవారు. పాలు, గుడ్లు, మాంసం, పండ్లు తినేవారు. కాస్త కోలుకున్న తరువాత కొలిచినట్లుగా రోజుకు ఇంత దూరం అని నడిచేవారు. కొందరికి రొమ్ము పొరల మధ్యకు గాలి ఎక్కించి, చెడిన ఊపిరితిత్తిని ముడుచుకుపోయేటట్లు చేసేవారు. పని చేయని ఊపిరితిత్తికి విశ్రాంతి దొరికి, పుండు మానుతుందని ఆశ.

వారిలో కొందరు నిజంగానే కోలుకున్నారు. కోలుకుని ఇంటికి వెళ్లిన వారిలో కొందరికి కొన్నేళ్ల తరువాత వ్యాధి మళ్ళీ తిరగబెట్టేది. ఆనాటి శానటోరియాలన్నింటిలోనూ ఇదే అనుభవం. గాలి, ఆహారం, విశ్రాంతి రోగి శరీరానికి బలం ఇచ్చాయి. ఆ బలంతో శరీరం సూక్ష్మజీవిని అణచి ఉంచింది. అణచి ఉంచడం వేరు, నిర్మూలించడం వేరు. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలియాలంటే కణం లోపలికి వెళ్ళాలి.

కణం లోపల ఏమి జరుగుతుంది?

మన పల్లెల్లో పూర్వం తలారి ఉండేవాడు. ఊరికి కాపలా అతని పని. దొంగ పట్టుబడితే తీసుకువెళ్ళి కట్టివేసేవాడు. మన ఊపిరితిత్తులలోని గాలి తిత్తులలో తిరిగే మాక్రోఫేజ్ అటువంటి తలారి. దుమ్ము, మసి, సూక్ష్మజీవులు ఏవి వచ్చినా మింగివేస్తుంది.

మింగిన సూక్ష్మజీవి కణంలో ఒక చిన్న సంచిలో ఉంటుంది. మామూలుగా ఆ సంచిలో ఆమ్లం పెరుగుతుంది. జీర్ణ రసాలు నిండిన లైసోసోమ్ అనే మరొక సంచి వచ్చి దానితో కలుస్తుంది. లోపలి సూక్ష్మజీవి జీర్ణమైపోతుంది. వంద రకాల సూక్ష్మజీవులు ఈ విధంగా ప్రతి దినం మనకు తెలియకుండానే హతమవుతున్నాయి.

క్షయ సూక్ష్మజీవి విషయంలో ఈ ఏర్పాటు నడిమధ్యలో ఆగిపోతుంది. 1971లో లండన్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్, డార్సీ హార్ట్ అనే శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో దీనిని చూపారు. సజీవంగా ఉన్న క్షయ సూక్ష్మజీవులను మింగిన సంచులతో లైసోసోములు చాలావరకు కలవడం లేదు. చచ్చిన సూక్ష్మజీవులను మింగినప్పుడు మాత్రం కలుస్తున్నాయి. అంటే తలుపు మూసి ఉంచుతున్నది లోపలి దొంగే. తరువాతి పరిశోధనలు సంచిలో ఆమ్లం కూడా తగినంత పెరగడం లేదని చూపాయి. పూర్తిగా పరిపక్వమైన సంచిలో పీహెచ్ 5 దాకా, ఇంకా కిందికి కూడా దిగుతుంది. క్షయ సూక్ష్మజీవి ఉన్న సంచిలో అది 6.2 దగ్గరే నిలిచిపోతుంది. నిమ్మరసం ఉండవలసిన చోట మజ్జిగ పాటి పులుపు కూడా లేకుండా పోయిందన్నమాట.

ఈ పని అది ఎలా చేస్తుంది? దాని ఒంటిమీద మైకాలిక్ ఆమ్లాలతో కూడిన మైనపు కవచం ఉంటుంది. గళ్లను పరీక్షించేటప్పుడు ఎర్రరంగు ఆమ్లంతో కడిగినా పోకుండా నిలిచేది ఈ కవచం వలననే. ఆ కవచంలోని కొన్ని కొవ్వు పదార్థాలు, అది విడుదల చేసే కొన్ని ఎంజైములు సంచి పరిపక్వమవడానికి కణం పంపే సంకేతాలను చెడగొడతాయి. ఈఎస్ఎక్స్–1 అనే మరొక సాధనంతో అది సంచి గోడకు రంధ్రాలు చేసి, కణద్రవంతో సంబంధం పెట్టుకుంటుంది. ఆహారంగా మన కణంలోని కొవ్వులనూ కొలెస్టరాల్‌నూ వాడుకుంటుంది. పేగులలోని ఇ–కోలై అనుకూల పరిస్థితులలో ఇరవై నిమిషాలకు ఒకసారి రెండుగా చీలితే, ఇది దాదాపు ఇరవై గంటలకు ఒకసారి చీలుతుంది. దీనికి తొందర లేదు.

మన శరీరం కూడా ఊరుకోదు. టీ–లింఫోసైట్లు అనే మరొక జాతి తెల్లకణాలు ఇంటర్‌ఫెరాన్–గామా అనే రసాయనంతో మాక్రోఫేజ్‌కు హెచ్చరిక పంపుతాయి. “నీ ఇంట్లోనే దొంగ ఉన్నాడు” అన్న కబురు అది. ఆ కబురు అందిన మాక్రోఫేజ్‌కు బలం వస్తుంది. సంచిలో ఆమ్లం పెంచగలుగుతుంది. ఇంకా మిగిలిన సూక్ష్మజీవులను కణాలన్నీ చుట్టుముట్టి గ్రాన్యులోమా అనే గడ్డగా కోట కడతాయి. ఆ గడ్డ నడుమ జున్ను వంటి పదార్థం చేరుతుంది. సూక్ష్మజీవులు అక్కడ నిద్రపోయినట్లు ఏళ్ల తరబడి ఉండగలవు.

ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి క్షయ సూక్ష్మజీవి సోకి ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో జీవితకాలంలో వ్యాధి కనిపించేది నూటికి అయిదు నుండి పది మందిలోనే. తక్కిన వారిలో తలారి, దొంగ ఒకే ఇంట్లో రాజీపడి కాలం గడుపుతుంటారు. శానటోరియంలో కోలుకున్న రోగి చాలా సందర్భాలలో ఆ రాజీకి చేరుకున్నవాడు. ఇంటికి వెళ్లి, మళ్ళీ అరకొర తిండి, మళ్ళీ ఒళ్లు విరిచే పని మొదలయితే రాజీ చెదిరిపోయేది.

మదనపల్లెలో బీసీజీ

రాజీ కుదరక ముందే శరీరాన్ని సిద్ధం చేయగలమా అన్నది తరువాతి ప్రశ్న. ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు పశువుల క్షయ సూక్ష్మజీవిని 1908 నుండి పదమూడేళ్లపాటు 230 సార్లు కొత్త కొత్త ఆహారంలో పెంచి, దాని క్రూరత్వాన్ని పోగొట్టారు. 1921లో మొదటిసారి ఒక శిశువుకు ఇచ్చారు. అదే మన బీసీజీ టీకా.

స్వతంత్ర భారతదేశం 1948లో బీసీజీ టీకాలను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన చోట్లలో మదనపల్లె ఒకటి. టీకా తయారీ కోసం మదరాసులోని గిండీలో అదే ఏడాది ప్రయోగశాల వెలసింది. ఆరోగ్యవరం వైద్యులు అంతటితో ఆగలేదు. క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ కుమారుడు డాక్టర్ యోహానెస్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వంలో 1950 నుండి మదనపల్లె పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెలలోనూ ఇంటింటికీ తిరిగి ట్యుబర్‌క్యులిన్ పరీక్షలు, ఎక్స్‌రేలు తీశారు. కొందరికి బీసీజీ ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా, రెండు వర్గాలనూ ఏళ్ల తరబడి గమనించారు. ఆ కాలంలో రాయలసీమ పల్లెలలో ఎక్స్‌రే యంత్రాన్ని బండిమీద తిప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆ ఫలితాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో 1960లోనూ 1964లోనూ వెలువడ్డాయి. మన పల్లె ప్రజలు చేయి చాచి ఇచ్చిన సమాచారం ప్రపంచమంతా చదివింది.

అందరూ టీకాను స్వాగతించలేదు. 1955లో రాజాజీ సామూహిక బీసీజీ కార్యక్రమాన్ని బహిరంగంగా వ్యతిరేకించారు. ఆరోగ్యవంతులైన పిల్లలందరికీ సజీవ సూక్ష్మజీవిని ఎక్కించడం సరికాదని ఆయన వాదన. వైద్యులు గట్టిగా జవాబు చెప్పారు. వాదాలు ఎలా ఉన్నా, తీర్పు చెప్పవలసినది దీర్ఘకాల పరిశీలనే. మదనపల్లె పరిశీలనలో టీకా వలన మొదట కొంత రక్షణ కనిపించి, కాలం గడిచేకొద్దీ తగ్గింది. 1968లో మనకు ఇరుగుపొరుగైన చెంగల్పట్టు జిల్లాలో లక్షల మందితో ఇంకా పెద్ద పరీక్ష మొదలయింది. పెద్దవారిలో వచ్చే ఊపిరితిత్తుల క్షయ నుండి బీసీజీ అక్కడ రక్షణ ఇవ్వలేదని తేలింది. ఆ ఫలితం లోకాన్ని నివ్వెరపరచింది.

మరి మీ మనుమడికి పుట్టగానే బీసీజీ ఎందుకు వేస్తున్నారు? పసిపిల్లలలో మెదడు పొరల క్షయ, ఒళ్లంతా పాకే క్షయ వంటి ప్రాణాంతక రూపాల నుండి అది కాపాడుతుంది కనుక. ఆ మేలు స్థిరపడిన విషయం. టీకా మానకండి.

బీసీజీ సూక్ష్మజీవి ఎందుకు సాధువయిందో 1990లలో జన్యుపరిశోధన చెప్పింది. ఆ 230 మార్పిడులలో అది ఒక జన్యుభాగాన్ని పోగొట్టుకుంది. నేను పైన చెప్పిన, సంచి గోడకు రంధ్రం చేసే సాధనానికి సంబంధించిన జన్యువులు ఆ భాగంలోనే ఉన్నాయి. కన్నం వేసే గునపం పోయిన దొంగ బీసీజీ. అందుకే మనకు హాని చేయడు. అయితే గునపం ఉన్న దొంగను ఎదుర్కొనే శిక్షణ అతనితో సాము చేసిన తలారికి పూర్తిగా రాకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చునని శాస్త్రజ్ఞుల ఆలోచన. మన నేలలో, నీటిలో ఉండే క్షయ సూక్ష్మజీవి బంధువులు చిన్ననాటి నుండే మనకు సోకుతూ ఉండడం వలన టీకా ప్రభావం మరుగున పడుతుందన్నది మరొక వివరణ.

మందు వచ్చింది, మంచం ఇంటికి వచ్చింది

1943లో స్ట్రెప్టోమైసిన్, ఆ తరువాత పాస్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాయి. మొదటిసారిగా వైద్యుని చేతికి సూక్ష్మజీవిని చంపే ఆయుధం దొరికింది. కాని శానటోరియాలలో మంచాలు కొన్ని వందలు, రోగులు లక్షలు. 1956లో మదరాసులో ఒక సాహసమైన పరీక్ష మొదలుపెట్టారు. 193 మంది పేద రోగులలో కొందరిని చీట్లు వేసినట్లుగా శానటోరియానికి పంపి, తక్కినవారికి ఇంటివద్దే ఏడాదిపాటు ఐసోనియాజిడ్, పాస్ ఇచ్చారు. శానటోరియంలో ఉన్నవారికి మెరుగైన తిండి, విశ్రాంతి దొరికాయి. ఇంట్లో ఉన్నవారు ఇరుకు గదులలో, అరకొర తిండితో, త్వరలోనే పనికి కూడా వెళుతూ మందు వాడారు. 1959లో ఫలితాలు వెలువడ్డాయి. రెండు వర్గాలవారికీ దాదాపు సమానంగా నయమయింది. ఇంట్లో వైద్యం పొందిన రోగుల కుటుంబసభ్యులకు అదనపు ప్రమాదం కలగలేదు. లోకంలోని శానటోరియాల తలుపులు ఒకటొకటిగా మూతపడడానికి ఈ మదరాసు పరీక్ష ముఖ్య కారణం. ఆరోగ్యవరం క్రమంగా సాధారణ వైద్యశాలగా మారి, నేటికీ సేవలందిస్తున్నది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఆరు నెలలు ఎందుకు?

క్షయ రోగి శరీరంలో సూక్ష్మజీవులన్నీ ఒకే స్థితిలో ఉండవు. ఊపిరితిత్తుల పుండులో వేగంగా పెరుగుతున్నవి కొన్ని. వీటిని ఐసోనియాజిడ్ మొదటి కొన్ని రోజులలోనే పెద్దసంఖ్యలో చంపుతుంది. కొద్ది వారాలలో దగ్గు, జ్వరం తగ్గడం, ఇతరులకు అంటించే గుణం పోవడం అందువలననే. మాక్రోఫేజ్‌ల లోపల, ఆమ్లమున్న చోట్ల మందకొడిగా ఉన్నవి మరికొన్ని. పైరజినమైడ్ ఆమ్లంలోనే బాగా పనిచేసే మందు. ఇక గడ్డలలో నిద్రపోతూ, అప్పుడప్పుడు మేల్కొనేవి ఇంకొన్ని. అవి మేల్కొన్న కాసేపటిలోనే దెబ్బకొట్టగల మందు రిఫాంపిసిన్. ఈ మందులు కలవడం వలననే ఏడాదిన్నర చికిత్స ఆరు నెలలకు తగ్గింది. మామూలు క్షయకు మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాతి నాలుగు నెలలు మూడు మందులు ఇస్తారు. మీకు దగ్గు తగ్గిన నాటికి చచ్చినవి వీధిలో తిరిగే దొంగలు. తలారి ఇంట్లో నిద్రపోయే దొంగ ఇంకా బతికే ఉన్నాడు. నడుమ మానితే లేచి వస్తాడు. వచ్చేటప్పుడు మందుకు లొంగని విద్య కూడా నేర్చుకుని రావచ్చు.

ఇదే ఆ రైతుకు నేను చెప్పవలసి ఉండిన మాట. చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు.

అదను కోసం కాచుకునే వారు

కణంలో దాక్కునే విద్య క్షయకే పరిమితం కాదు. కుష్ఠు సూక్ష్మజీవి దీనికి దగ్గరి బంధువు. టైఫాయిడ్ సూక్ష్మజీవి తాను ఉన్న సంచిని తనకు అనువుగా మార్చుకుంటుంది. కాచని పాల నుండి, గొర్రెలు మేకల నుండి వచ్చే బ్రూసెల్లా కూడా మాక్రోఫేజ్‌లలోనే కాపురం పెట్టి నెలల తరబడి జ్వరం తెప్పిస్తుంది. తడినేలలో ఉండే బర్ఖోల్డేరియా సూడోమల్లై సంచిని చీల్చుకుని కణద్రవంలోకి దూకుతుంది. మధుమేహం ఉన్న రైతులకు అది పెద్ద ముప్పు. ఆరోగ్యవంతుని జోలికి అంతగా రాక, శరీరం బలహీనపడిన అదను చూసి దెబ్బతీసే సూక్ష్మజీవులను అవకాశవాద సూక్ష్మజీవులు అంటాము. క్షయ సూక్ష్మజీవి ఆరోగ్యవంతులకు కూడా వ్యాధి తేగలదు కనుక ఆ మాట దానికి పూర్తిగా వర్తించదు. కాని నిద్రాణంగా ఉన్న క్షయ ప్రవర్తన అచ్చంగా అదే.

ఆ అదను ఎంత భయంకరమైనదో మా తరం వైద్యులు హెచ్‌ఐవీ రోజుల్లో చూశాము. కబురు పంపే టీ–లింఫోసైట్లనే హెచ్‌ఐవీ నాశనం చేస్తుంది. కబురు అందని తలారికి తన ఇంట్లో దొంగ ఉన్న సంగతే పట్టదు. కోట గట్టిగా కట్టుకోదు కనుక ఎక్స్‌రేలో మనకు అలవాటైన పుండు కనిపించదు. గళ్లలో సూక్ష్మజీవులు దొరకవు. రోగి మాత్రం కళ్లముందే క్షీణిస్తుంటాడు. 2004లో ప్రభుత్వం ఏఆర్‌టీ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టే దాకా మేము నిస్సహాయంగా చూసిన మరణాలను మరచిపోలేను.

నేడు మన ఇళ్లలో ఆ అదను వేరే రూపంలో ఉన్నది. మధుమేహం ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడేవారు, కీళ్లవాతానికి టీఎన్ఎఫ్‌ను అణచే సూదిమందులు తీసుకునేవారు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, పొగతాగేవారు, మద్యానికి అలవాటు పడినవారు కూడా జాగ్రత్త పడాలి. అన్నిటికంటే పెద్ద అదను అరకడుపు. జార్ఖండ్‌లో క్షయ రోగుల కుటుంబాలకు పోషకాహారం అందించి గమనించిన పరిశోధన 2023లో వెలువడింది. ఆ కుటుంబసభ్యులలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. వందేళ్ల క్రితం ఆరోగ్యవరం వసారాలో రోగికి ఇచ్చిన పాలు, గుడ్లు వృథా కాలేదని దీనితో తెలుస్తున్నది. మందుకు బదులు కాదుగాని, మందుతోపాటు అవీ కావాలి.

మీరు గుర్తుంచుకోవలసినవి

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు, కారణం లేని బరువు తగ్గుదల ఉంటే దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో గళ్ల పరీక్ష చేయించుకోండి. సీబీనాట్, ట్రూనాట్ వంటి పరీక్షలు సూక్ష్మజీవి ఉనికినీ, రిఫాంపిసిన్‌కు అది లొంగుతుందో లేదో కూడా కొద్ది గంటలలోనే చెబుతాయి. పరీక్ష, మందులు ఉచితం.

క్షయ ఉన్నదని తేలితే మధుమేహం, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా చేయించుకోండి. మధుమేహం ఉంటే చక్కెరను అదుపులో ఉంచుకోండి.

ఇంట్లో ఒకరికి ఊపిరితిత్తుల క్షయ వస్తే తక్కినవారందరూ పరీక్ష చేయించుకోవాలి. వ్యాధి లేకపోయినా, ముఖ్యంగా చిన్నపిల్లలకు, నిద్రాణంగా ఉన్న సూక్ష్మజీవిపై నివారణ మందులు ఉన్నాయి. ఆనాడు ఆ రైతు ఇంటివారిని ముందే పిలిపించి ఉంటే కూతురి వ్యాధిని ముందే పసిగట్టి ఉండేవాళ్ళం.

మందుల వలన వాంతులు, కళ్ళు పచ్చబడడం, చూపు మందగించడం వంటివి కనిపిస్తే వెంటనే వైద్యుని కలవండి. మీ అంతట మీరు మానకండి. మూత్రం నారింజ రంగులో రావడం రిఫాంపిసిన్ గుణం. దానికి భయపడనక్కరలేదు.

ఎవరికైనా క్షయ ఉన్నదని తెలిస్తే కంచం, గ్లాసు వేరుపెట్టకండి. ఈ వ్యాధి గాలి ద్వారా వస్తుంది, కంచం ద్వారా రాదు. కిటికీలు తెరిచి ఉంచండి. మందు సరిగా వాడుతున్న మనిషిని వెలివేసినట్లు చూస్తే అతను వ్యాధిని దాచుకుంటాడు. దాచుకున్న వ్యాధి ఇంటిల్లిపాదికీ ప్రమాదం.

ఆ రైతు రెండవసారి మందులు పూర్తిగా వాడాడు. కూతురికీ నయమయింది. కొన్నేళ్ల తరువాత ఆమె పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చి, “ఈసారి ఒక్క మాత్ర కూడా వదల్లేదు సార్” అన్నాడు. మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరైనా “దగ్గు పోయింది, ఇంకా మాత్రలు ఎందుకు?” అని అడిగితే, తలారి ఇంట్లో దొంగ ఇంకా ఉన్నాడని చెప్పండి. అయిదు నిమిషాలు తీరిక చేసుకుని చెప్పండి.